పొత్తిళ్ళ షష్ఠి మెత్తనున్ని వ్రత కథ

దీపము నిలకడగా వెలుగుచున్నదో లేదో చూచి, పసిబిడ్డలున్న తల్లులందరు ముందు వరుసలో కూర్చుండగా ఈ కథ చెప్పవలెను. నడుమ ఏ బిడ్డ ఏడ్చినను కథ ఆపి బిడ్డను చూడవలెను. కథకు తొందర లేదు.

పూర్వము వేదవతీ నదీతీరమున తపస్సు చేసికొనుచున్న దాల్భ్య మునిని మౌంజాయన ముని దర్శించి, నమస్కరించి, ఇట్లడిగెను. "మహాత్మా! కడుపునిండ పాలు త్రాగు బిడ్డలు, పుట్టుకతో ఏ లోపము లేని బిడ్డలు, కొన్ని ఇండ్లలో నెల గడవకమునుపే ఏడ్చి ఏడ్చి పోవుచున్నారు. ఇది ఏ గ్రహదోషము? ఏ వ్రతముచే తొలగును?"

దాల్భ్యునికి ముక్కుమీద కోపము. ఆయన మొగము చిట్లించి, "గ్రహముల నెందుకయ్యా ఆడిపోసికొందువు? ఆకాశమువంక చూచుటకు అందరికి తీరిక యున్నది. బిడ్డ మొలగుడ్డ విప్పి చూచుటకే ఎవ్వరికి తీరిక లేదు. ఒక ఇంట ఏమి జరిగెనో చెప్పెదను, వినుము" అని చెప్పసాగెను.

ఆ నదికి దక్షిణమున గొర్రెల మందలకు పేరుపడిన కంబళపురమను ఊరు గలదు. అందు బీరక్కయను నేతగత్తె యుండెను. ముప్పదియేండ్లు రాట్నము త్రిప్పి, కంబళ్ళు నేసి, ఆమె అరచేతులు చెప్పుతోలువలె మొద్దుబారెను. అయినను ఊరివారు ఉన్ని కొన్నప్పుడెల్ల ఆమె చేతికిచ్చి మంచిచెడ్డలు అడుగుచుండిరి. ఆమెకు భర్త లేడు. కొడుకు కరియన్న మందను మేపుచుండెను. కోడలు సిద్దక్కకు తొలిచూలున మగబిడ్డ పుట్టెను.

అది మంచు కురియు పుష్యమాసము. బిడ్డ తడిపిన నూలుగుడ్డ వెంటనే చల్లబడును గనుక, దానిమీద ఉన్నితో అల్లిన చిన్న పైతొడుగు కట్టుట ఆ ఊరి ఆచారము. ఉన్ని తడిని బయటికి రానీయక బిడ్డను వెచ్చగా నుంచును. ఆరవనాడు షష్ఠీదేవిని పూజించి, తొడుగును ఆమె పాదములవద్ద పెట్టి, పిమ్మట బిడ్డకు కట్టుదురు.

ఆ ఉదయమున షష్ఠీదేవి గొర్రెలు కాచు ముసలమ్మ రూపమున, నెత్తిన గంపతో బీరక్క వాకిటికి వచ్చెను. గంపలోనున్నది గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తెర వేయగా వచ్చిన ఉన్ని. పోగు పొట్టిది, కంబళ్ళకు పనికిరాదని నేతగాండ్రు దానిని కొనరు. అందుచే మిక్కిలి చవుక. బిడ్డ తొడుగునకు ఇదియే తగినదనియు, ఒకసారి గొంతుకు ఆనించి చూడుమనియు ముసలమ్మ చెప్పెను. బీరక్కకు నవ్వు వచ్చెను.

"ముప్పై ఏండ్ల నుంచి ఉన్నిలోనే బతుకుతాండా. నా చేతికి తెలీంది నా గొంతుకు తెలుస్తాదా? పోవమ్మా, పూజకు పొద్దుపోతాంది" అనెను.

ముసలమ్మ గంప ఎత్తుకొని పోయెను. బీరక్క ఇంటనున్న కంబళిదారమునే తీసి, అరచేత రుద్ది, మెత్తగానే యున్నదనుకొని, వెదురుపుల్లలతో తొడుగు అల్లి బిడ్డకు కట్టెను.

ఆ దినమే బిడ్డ ఏడ్పు మొదలిడెను. బీరక్క దిష్టి తీసెను, బిడ్డ ఏడ్చెను. తాయెత్తు కట్టెను, ఏడ్చెను. తల్లిపాలు చెడినవని కోడలికి పులుపు మాన్పించెను, కారము మాన్పించెను, తుదకు అన్నము సైతము సగము చేసెను. బిడ్డ ఏడ్పు మానలేదు.

పదునైదవనాడు సిద్దక్క తొడుగు విప్పి చూడగా తొడల సందున చర్మము లేచి యుండెను. ఆమె అత్త కాళ్ళు పట్టుకొని, "అత్తా, ఇది గీరుకుంటాంది. బిడ్డకు పచ్చిపుండ్లయినాయి. తీసేద్దాం అత్తా" అని వేడుకొనెను.

"నేనల్లింది గీరుకుంటాదా? నిన్నగాక మొన్న వచ్చినదానివి, నాకే ఉన్ని సంగతి చెప్తావా!" అని బీరక్క పుండ్లకు పసుపు అద్ది, ఆ తొడుగునే మునుపటికంటె బిగించి కట్టెను. కరియన్న తల్లికి ఎదురుచెప్పలేక మందతో పోయెను.

పుండ్లు చీము పట్టెను. జ్వరము వచ్చెను. పందొమ్మిదవనాడు బిడ్డ ఏడ్పు మానెను. ఎట్టకేలకు నిద్రపట్టినదని ఇంటివారు ఊపిరి పీల్చుకొనిరి. అది నిద్ర కాదు. ఇరువదియొకటవనాడు పెట్టవలసిన పేరు పెట్టనేలేదు.

పిమ్మట మందకు గాలికుంటు సోకి సగము గొర్రెలు చచ్చెను. మగ్గము మూలబడెను. సిద్దక్క అత్తతో మాటలు మానెను. బీరక్క విధిని తిట్టెను, మంత్రసానిని తిట్టెను, ఇరుగుపొరుగు కండ్లను తిట్టెను. తన చేతిని మాత్రము ఒక్కమాట అనలేదు.

రెండేండ్లకు సిద్దక్క ఆడుబిడ్డను కనెను. బీరక్క ఈసారి భయపడెను. భయపడినవారు ఖరీదైనదే మంచిదని నమ్ముదురు. ఆమె తన వెండికడియములు అమ్మి, సంతలో దూరదేశపు వర్తకునివద్ద పట్టువలె జారు ఎఱ్ఱని ఉన్నిదారము కొనెను. మరల అరచేతితోనే చూచెను. మరల ముసలమ్మ గంపతో వచ్చెను, మరల బీరక్క పొమ్మనెను. ఆ దారమును మెరుపుకొరకు సున్నపునీట మరిగించి, గొర్రెజిడ్డంతయు పోగొట్టి యుండిరి. జిడ్డులేని ఉన్ని తడిని ఆపదు. బిడ్డ చలితడిలో నానెను, రంగు దిగి తొడలు ఎఱ్ఱబడెను. పదవనాటికి రొమ్ముపడిశము పట్టి ఎగఊపిరి మొదలాయెను.

సిద్దక్క ఈమారు ఎవ్వరిని అడుగలేదు. ఆ తొడుగు ఊడదీసి పారవైచి, బిడ్డను గుండెకు కట్టుకొని, తాను బాలింతనని తలపక, ముసలమ్మను వెదకుచు మందలవెంట పోయెను. బీరక్క వెనుకనే పరుగెత్తెను. రెండు క్రోసుల దూరమున ఒక దొడ్డిలో ముసలమ్మ కూర్చుండి గొర్రెపిల్లకు కత్తెర వేయుచుండెను.

"అవ్వా, నా బిడ్డ బతుకుతాదా?" అని సిద్దక్క అడిగెను.

ముసలమ్మ బీరక్కను దగ్గరకు పిలిచి, ఒడిలోనుండి ఒక తొడుగు తీసి, "కండ్లు మూసుకోని దీన్ని గొంతుకు పెట్టుకో తల్లీ" అనెను. బీరక్క పెట్టుకొనెను. కొంతసేపటికే మెడ మండెను. తీయబోగా ముసలమ్మ ఆమె చేయి పట్టుకొని, "ఉండు, ఇంకా కొంచేపు. నువ్వు పదమూడు దినాలు కట్టిపెడితివి కదా" అనెను.

బీరక్క కండ్లు తెరచెను. అది తాను అల్లినదే. బిడ్డతోకూడ మట్టిలో పెట్టినదే. ఆమె నేలబడి, "నా చేతులతోనే చంపుకుంటిని తల్లీ!" అని మొత్తుకొనెను.

అప్పుడు ముసలమ్మ షష్ఠీదేవియై నిలిచి వ్రతవిధానము చెప్పెను. శుక్లషష్ఠినాడు గొర్రెపిల్లల తొలికత్తెర ఉన్ని తేవలెను. చవుకయని చిన్నచూపు చూడరాదు, మెరుపు చూచి మోసపోరాదు. గోరువెచ్చని కుంకుడునీట ఒక్కమారు ముంచి తీయవలెను, జిడ్డు కొంత నిలువనీయవలెను. రంగు వేయరాదు. ఇంటి పెద్దావిడ ఆ దారమును ఒక ఘడియసేపు గొంతుకు ఆనించుకొని కూర్చుండవలెను. దురద పుట్టినచో దానిని కంబళికి విడిచి వేరొకటి చూడవలెను. తొడుగు వదులుగా అల్లవలెను. బిడ్డ ఏడ్చినచో దిష్టికిని తాయెత్తుకును పోకమునుపు తొడుగు విప్పి చూడవలెను.

బీరక్క ఆ దొడ్డిలోనే కూర్చుండి, దారము గొంతుకు ఆనించి చూచి, తొడుగు అల్లెను. మూడుదినములు బిడ్డ చావుబ్రతుకులమధ్య ఊగెను. నాలుగవనాడు రొమ్ము పట్టి పాలు త్రాగెను. ఇరువదియొకటవనాడు బిడ్డకు ఉన్ని పేర ఊర్ణమ్మయని పేరు పెట్టిరి. క్రమముగా మంద పెరిగెను, మగ్గము మరల ఆడెను.

ఇంతవరకు విని మౌంజాయనుడు, "మహాత్మా! ఇతర వ్రతకథలలో పోయినవారు లేచి వచ్చుచున్నారు గదా. ఆ మగబిడ్డ వచ్చెనా?" అని అడిగెను. దాల్భ్యుని కోపమంతయు ఎక్కడికో పోయెను.

"రాలేదు. బీరక్కయు అడిగెను. దేవి రాడని చెప్పెను" అనెను.

కావున ఈ వ్రతమును గర్భిణులు, బాలింతలు, అత్తలు, అమ్మమ్మలు, మంత్రసానులు, ఉన్ని అమ్ముకొనువారు తప్పక చేయవలెను. కలవారును లేనివారును ఒక్క ఉన్నితోనే చేయవలెను. చేసినవారి బిడ్డలు పుండ్లు లేక, చలి లేక, కడుపునిండ త్రాగి కంటినిండ నిద్రింతురు. వారి మందలు పెరుగును, మగ్గములు ఆడును. కథ చెప్పినవారికిని విన్నవారికిని పసిబిడ్డ ఏడ్పులోని మాట తెలియును.

ఈ వ్రతము మూడేండ్లు వరుసగా చేయవలెను. కథ ముగిసినపిదప కోడలు అత్త తలపై అక్షతలు వేయవలెను. మొదటియేడు బీరక్క తల వంచి కూర్చుండగా, సిద్దక్క అక్షతలు పిడికిట పట్టి, వేయలేక, లోపలికి పోయెను. రెండవయేడు దగ్గరకు వచ్చి, నిలుచున్నచోటనే ఏడ్చి, మరల పోయెను. మూడవయేడు పిడికిలి విప్పెను. అందుచేత కోడలు అక్షతలు వేయువరకు అత్త తల ఎత్తరాదు, ఎంతసేపైనను ఆమెను తొందరపెట్టరాదు.