రేవుకు అడ్డంగా కంప

నల్లకొండ అడవిలో కణితులనే పెద్ద దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, ముళ్లపందులు ఉండేవి. వాగు దాటితే పసుపుబీడు. అక్కడ చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. కృష్ణజింకలు, కుందేళ్లు, నక్కలు, బట్టమేక పిట్టలు ఆ బీడులో బతికేవి.

ఒక కరువు ఏడాది వాగునీళ్ల కోసం రెండు వైపుల వాళ్లూ కొట్టుకున్నారు. చాలా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత రెండు వైపుల పెద్దలూ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. చలికాలం వెళ్లగానే ఈ వైపు పిల్లలు కొందరు ఆ వైపు, ఆ వైపు పిల్లలు కొందరు ఈ వైపు ఒక నెల ఉండి రావాలి. ఒకరి ఇంట్లో తిని, ఒకరి పక్కన పడుకుంటే, పెద్దయ్యాక కొట్టుకోరని వాళ్ల ఆశ.

ఆ ఏడాది రేల అనే కణితి పిల్ల బీడుకు వెళ్లింది. దాని బదులు తంగేడు అనే కృష్ణజింక పిల్ల నల్లకొండకు వచ్చి, రేల బాబాయి ఇంట్లో దిగింది.

రేలకు మొదటిరోజు భయం వేసింది. బీడువాళ్లు విషపు నీళ్లు తాగిస్తారని అడవిలో చెప్పుకునేవారు. తంగేడు తల్లి అవిసమ్మ నీటిగుంట చూపిస్తే రేల తాగలేదు.

అవిసమ్మకు సంగతి అర్థమైంది. ముందు తాను తాగి, "ఇప్పుడు తాగు" అంది. రేల సిగ్గుతో తల వంచుకుని తాగింది.

రోజులు గడిచాయి. బీడులో నిప్పు ఎలా పుడుతుందో, గాలి ఎటు మళ్లితే ఎటు పరిగెత్తాలో అవిసమ్మ నేర్పింది. "గడ్డి పొట్టిగా మేసిన చోటికి మంట రాదు. అందుకే వాగు ఒడ్డును మేం ఎప్పుడూ నున్నగా మేసి ఉంచుతాం" అని చూపించింది. రేల ఆమెను పెద్దమ్మా అని పిలవసాగింది.

ఇరవయ్యో రోజు తంగేడు కుంటుకుంటూ వాగు దాటి వచ్చింది. ఎడమ చెవి చీలి ఉంది. ఒళ్లంతా ముళ్లు.

"ఏమైందే?" అంది అవిసమ్మ.

"రెండు పందిపిల్లలకు జబ్బు చేసింది. అది నా వెంటే వచ్చిందని కోరయ్య చెప్పాడు. అందరూ కలిసి తరిమారు."

కోరయ్య అంటే నల్లకొండలో పెద్ద మగపంది. వాడి గొంతు పెద్దది. అడవిలో వాడి మాటకు తిరుగు లేదు.

"మా బాబాయి లేడా అక్కడ?" అని అడిగింది రేల.

"ఉన్నాడు. తరమలేదు. చూస్తూ నిలబడ్డాడు."

రేలకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ తాను కడుపునిండా తింటోంది. అక్కడ తన ఇంటికి వచ్చిన పిల్లను తనవాళ్లే చావగొట్టారు.

బీడులోని మగజింకలు కొమ్ములు వంచి రేల చుట్టూ మూగాయి. "దీన్నీ అలాగే తరుముదాం" అన్నాయి.

అవిసమ్మ అడ్డంగా నిలబడింది. "ఇది నా ఇంట్లో తిన్న పిల్ల. దీని మీద కాలు ఎత్తితే ముందు నన్ను దాటాలి" అంది. తర్వాత రేల వైపు తిరిగింది. "నా కోపం నీ మీద కాదు. కానీ చెప్పలేనంత కోపంగా ఉంది. పద, మీ వాళ్లనే అడుగుతాను."

ముగ్గురూ నల్లకొండకు వెళ్లారు. జంతువులన్నీ గుమిగూడాయి.

"నా బిడ్డ చేసిన తప్పేమిటి?" అంది అవిసమ్మ.

"జబ్బు తెచ్చింది" అన్నాడు కోరయ్య.

అప్పుడు ముళ్లవ్వ అనే ముసలి ముళ్లపంది నెమ్మదిగా గొంతు విప్పింది. "పందిపిల్లలు విషపు ముష్టికాయలు కొరికాయి. చెట్టు కింద ఆ ముక్కలు నేనే చూశాను."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు అవ్వా?" అంది రేల.

రేల అందరి వైపూ తిరిగింది. "ఆ పిల్ల ఒక్కతే. మీరు ఇంతమంది. వాళ్లు నన్ను బిడ్డలా చూశారు. మీరు నన్ను తల ఎత్తుకోలేకుండా చేశారు."

కోరయ్య నవ్వాడు. "పరాయి గడ్డి తిని పరాయి మాటలు మాట్లాడుతోంది. ఈ రాకపోకలతోనే పిల్లలు చెడిపోతున్నారు. వాగు రేవుకు కంప వేసెయ్యండి."

ముళ్లవ్వ మాట విన్నాక కూడా ఎవరూ ఎదురు చెప్పలేదు. అవిసమ్మ రేలను అక్కడే వదిలి, తన బిడ్డను తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే రేవుకు అడ్డంగా తుమ్మకంప, రేగుకంప మనిషెత్తు పేర్చారు. రేల బాబాయి కూడా నాలుగు కొమ్మలు మోశాడు.

నడి వేసవిలో ఒక మధ్యాహ్నం కొండ మీద మంట లేచింది. గాలి వాగు వైపు కొట్టింది. జంతువులన్నీ రేవు దగ్గరికి పరిగెత్తాయి. మిగతా చోట్ల ఒడ్డు నిటారుగా ఉంది. దిగడానికి రేవు ఒక్కటే దారి. దానికి అడ్డంగా కంప.

"కంప లాగండి. అవతల ఒడ్డుకు మంట రాదు" అని అరిచింది రేల.

"తెరిస్తే వాళ్లు చొరబడతారు. వాగు వెంట పైకి పదండి" అన్నాడు కోరయ్య.

రేల వాడి మాట వినలేదు. నోటితో ముళ్లకొమ్మ పట్టుకుని లాగింది. పెదవి చీలింది. ఇంకొకటి లాగింది. ముళ్లవ్వ వచ్చి పక్కన చేరింది. తర్వాత కొండముచ్చులు వచ్చాయి.

ఇంతలో అవతలి వైపు నుంచీ కంప కదిలింది. అవిసమ్మ వెంట బీడు మగజింకలు వచ్చి కొమ్ములతో కంప చీలుస్తున్నాయి. ఆనాడు రేల చుట్టూ మూగిన జింకలే అవి. దారి ఏర్పడింది. తల్లులు పిల్లల్ని ముందుకు తోస్తూ వాగు దాటారు.

"రా కోరయ్యా" అని పిలిచింది ముళ్లవ్వ.

"చచ్చినా వాళ్ల గడ్డ మీద కాలు పెట్టను" అని కోరయ్య ఎండు వెదురు పొదల్లోకి పరిగెత్తాడు. ఈసారి వాడి వెనుక ఒక్కరు కూడా వెళ్లలేదు. మూడో రోజు ఆ బూడిదలో వాడి కోరలు మాత్రం దొరికాయి.

నున్నగా మేసిన ఒడ్డు మీద నల్లకొండ జంతువులు రొప్పుతూ నిలబడ్డాయి. అవిసమ్మ వాళ్ల ముందుకు వచ్చింది.

"వానలు పడేదాకా ఇక్కడ ఉండండి. గడ్డి ఉంది, నీళ్లు ఉన్నాయి. కానీ నా బిడ్డ చెవి చీలింది. అది మరిచిపోయాననుకోకండి" అంది.

ఎవరూ తలెత్తలేదు. రేల బాబాయి మెల్లగా రేల పక్కకు వచ్చాడు.

"నేను ఆ పిల్లను తరమలేదమ్మా" అన్నాడు.

"నా కోపం దానికే బాబాయ్. నువ్వు అడ్డు కూడా పడలేదు" అంది రేల.

బాబాయి తంగేడు దగ్గరికి నడిచి వెళ్లి, అందరూ చూస్తుండగా, "తప్పు నాది. నా ఇంట్లో ఉన్న నిన్ను నేను కాపాడలేదు" అన్నాడు. తంగేడు అక్కడి నుంచి కదిలి వెళ్లిపోలేదు.

మరుసటి ఏడు రెండు వైపుల నుంచీ పిల్లలు ఎప్పటికంటే ఎక్కువమంది బయలుదేరారు. వచ్చిన పిల్లలకు కాపలాగా నల్లకొండలో ఇద్దరు పెద్దలు ఉండాలని కొత్త నియమం పెట్టారు. మొదటి కాపలా రేల బాబాయి అడిగి తీసుకున్నాడు.

నీతి: పొరుగువారి మీద ద్వేషం నూరిపోసేవాడిని నమ్మితే నష్టపోయేది మనమే. అన్యాయాన్ని చూస్తూ ఊరుకున్నవాడికి ఆ అన్యాయంలో వాటా ఉంటుంది.