దొరకేం జబ్బు లేదు

ఎర్రగుట్ట అడవికి ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అడవి మొత్తానికి ఒక్క మడుగు మిగిలింది. అదీ రోజురోజుకూ కుంచించుకుపోతోంది. కొండ అవతల ఏరు ఉంది గానీ, అక్కడికి పోవాలంటే లోయ అంచున ఇరుకు దారి. అందరినీ నడిపించుకుపోయే పెద్ద ఒకరు ముందుండాలి. ఆ పెద్ద కోసమే ఎన్నిక పెట్టుకున్నారు.

ఇద్దరు నిలబడ్డారు. ఒకరు పాత పెద్ద, అడవిదున్న భద్రయ్య. రెండోవాడు అడవిపంది కోరయ్య. భద్రయ్య తరఫున మాట్లాడేది జంబులింగం అనే నక్క. దొర ఎక్కడికి కదిలినా అది ఆయన చెవి పక్కనే నడిచేది.

భద్రయ్యకు చూపు పోయింది. ఆ సంగతి నక్కకు ఒక్కదానికే తెలుసు.

"నేను తప్పుకుంటాను లింగం. కళ్లు కనపడనివాణ్ణి, లోయ దారిలో ఎవరిని నడిపిస్తాను?" అన్నాడు భద్రయ్య ఓసారి.

"అంత మాట అనకండి దొరా! మీరు తప్పుకుంటే ఆ పంది మనవాళ్లను బతకనిస్తుందా? నా కళ్లు మీవి కావా?" అంది నక్క. దొర పేరు చెప్పి గూడుగూడునా లాక్కు తినే తిండి పోతుందన్న మాట మాత్రం మింగేసింది. బయటికొచ్చి, "దొరకేం జబ్బు లేదు. ఎండకు కాస్త కళ్లు మంటలు, అంతే" అని చాటింపు వేసింది.

కోరయ్య ఏమైనా తక్కువా? వాడి డొక్కలో ముల్లు దిగి, పుండు చీము పట్టింది. రోజూ పొద్దున్నే దాని మీద బురద మెత్తుకుని వచ్చి, "ఆ ముసలాడు రేపో మాపో పోయేలా ఉన్నాడు. నన్ను చూడండి, ఉక్కుముక్కను!" అని రొమ్ము విరిచేవాడు. దానికి బదులుగా నక్క, "పందిని పిచ్చికుక్క కరిచిందట, దగ్గరికి పోకండి" అని పుకారు పుట్టించింది.

అడవి రెండుగా చీలింది. దున్న వాళ్లు తూర్పు గట్టున, పంది వాళ్లు పడమటి గట్టున తాగాలట! ఒకే మందలో పుట్టిన దుప్పులు ఎదురుపడితే మొహాలు తిప్పుకున్నాయి.

ఎన్నిక రోజు తలలు లెక్కపెట్టడానికి ఎవరి గట్టున వాళ్లు నిలబడ్డారు. దాహానికి ఆగలేక మడుగు మధ్యలోకి దిగి తాగుతున్న వాళ్లను ఇద్దరూ తమ లెక్కలోనే వేసుకున్నారు. "మేమే గెలిచాం" అని ఇటు, "దొంగ లెక్క" అని అటు. కొమ్ములు లేచాయి, కోరలు లేచాయి.

"ముందుకు దూకండి దొరా! అవతలివాళ్లు పారిపోతున్నారు" అని నక్క చెవిలో ఊదింది. భద్రయ్య దూకాడు. కాలికింద ఏదో పుటుక్కుమంది.

"ఏమిటది లింగం?"

"ఎండుకొమ్మ దొరా. పదండి, పదండి."

అది ఎండుకొమ్మ కాదు. దుప్పి ఎర్రక్క కూతురు, చుక్కి అనే పసికూన. దాని వెనక కాలు విరిగింది. బిడ్డను లాక్కోవడానికి పరుగెత్తుకొచ్చిన ఎర్రక్క నక్క మాట చెవులారా విన్నది.

ఆ సాయంత్రం ఎర్రక్క దగ్గరికి పంది మనుషులు వచ్చారు. "చూశావా ఆ దున్న రాక్షసత్వం! నీ బిడ్డను గట్టు మీద పడుకోబెట్టు, అందరూ చూడాలి" అన్నారు. వెనకే దున్న మనుషులు వచ్చారు. "పందే తోసిందని చెప్పు" అన్నారు. మూలుగుతున్న పిల్లకు పుక్కెడు నీళ్లు తెచ్చినవాడు ఒక్కడూ లేడు. ఎర్రక్కకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు తగవు తేల్చుకోవడానికి అందరూ మడుగు దగ్గర చేరారు. నక్క పక్కన నడుస్తుంటే భద్రయ్య ఠీవిగా వచ్చాడు. ఆయన దారికి అడ్డంగా ఎర్రక్క తన బిడ్డను పడుకోబెట్టింది. తాను పక్కనే నిలబడింది.

"భద్రయ్య తాతా, ఆగు. నీ కాళ్ల ముందు ఏదో పడి ఉంది. చూశావా?"

దున్న తల వంచాడు. ఏమీ కనపడలేదు. నక్క గబగబా గొణిగింది: "ఎండుకొమ్మే దొరా. ఆవిడ పంది మనిషి. దాటేయండి."

దొర కాలెత్తాడు.

"తాతా, మళ్లీ తొక్కకు. నిన్నటిదే ఇంకా నొప్పి" అంది ఆ 'ఎండుకొమ్మ'.

ఎత్తిన కాలు గాలిలోనే ఆగిపోయింది.

"లింగం! నిన్న కూడా ఇదేనా నా కాలికింద పడింది?"

నక్క మెల్లగా వెనక్కి జారుకుంది. దున్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నాకు కళ్లు లేవు, వినండి. ఎప్పుడో పోయాయి. చెప్పకుండా దాచాను. నా తప్పే" అని బావురుమన్నాడు.

అప్పటికే నక్క అవతలి గట్టున ఉంది. "కోరయ్యగారూ, ఇక పెద్ద మీరే! మీ ఆరోగ్యం సంగతి నాకు వదిలేయండి" అంటోంది.

"ముందు ఆ డొక్క మీద కంపుకొట్టే బురద కడుక్కుని రమ్మను!" అని అరిచింది ఎర్రక్క. కోరయ్య కోపంతో ఆమె మీదికి దూకాడు. ఎండిన బురద పెళ్లలుగా రాలింది, చీము కారింది, కాళ్లు మడతపడి నేల మీద దొర్లాడు. వాడి మనుషులే ముక్కులు మూసుకున్నారు.

"ఒకడికి కళ్లు లేవు, ఒకడికి ఒళ్లు కుళ్లింది. చెప్పి ఉంటే ఇద్దరికీ సేవ చేసేవాళ్లం కదరా!" అంది ఎర్రక్క. "వీళ్లకోసమా మీరు ఒకరినొకరు కుమ్ముకున్నది? నా పిల్ల కాలు ఎవరు తెచ్చిస్తారు?"

భద్రయ్యే అన్నాడు: "నీటి వాసన నేను పట్టగలను. దారి నువ్వు చూడమ్మా. పిల్లను నా వీపు మీద ఎక్కించండి."

అలాగే కదిలారు. ఎర్రక్క ముందు, ఆమె వెనకే భద్రయ్య, చివర కుంటుకుంటూ కోరయ్య. ఇరుకు దారి మొదట్లో జంబులింగం ఎదురొచ్చి, "లోయ దారిలో గుండ్లు దొర్లుతున్నాయి, నేను చెప్పినట్టు నడవండి" అంది. ఒక్క చెవీ అటు తిరగలేదు. అందరూ దాటిపోయాక అది ఆ దుమ్ములో ఒంటరిగా నిలబడి, ఎవరి తరఫున మాట్లాడాలో తెలియక నోరు తెరిచి మూసింది.

నీతి: దొర జబ్బు దాచి ఓటడిగేవాడు దొరకూ చుట్టం కాడు, జనానికీ చుట్టం కాడు.