చల్లారని బండ

ఎస్తేరు పరిశోధన చిక్కులో పడింది. అదీ మామూలు చిక్కు కాదు, తల గోడకేసి కొట్టుకోవాలనిపించే రకం.

నాలుగేళ్లుగా ఒకే ఒక్క గెలాక్సీని పట్టుకుని వేలాడుతోంది ఆ పిల్ల. దాని నడిబొడ్డున ఒక కృష్ణబిలం, దాని చుట్టూ భగభగ మండే వెలుగు. ఆ వెలుగులోని ఎక్స్-రేలను అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు పట్టి కిందికి పంపుతుంది. నడిబొడ్డుకి బాగా ఎడంగా ధూళి వలయం ఒకటుంది. వెలుగు వెళ్లి తాకితే అందులోని ఇనుము మెరుస్తుంది. వర్ణపటంలో ఆ మెరుపు సన్నటి శిఖరంలా నిలబడుతుంది. ఆ వలయం ఎంత దూరాన ఉందో చెప్పగలిగితే చాలు, ఎస్తేరుకి డాక్టరేటు వచ్చేస్తుంది. ఆ చెప్పడమే చేతకావడం లేదు.

తనతో చేరినవాళ్లంతా పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. గదిలో మిగిలింది తనూ, ఒక ఫ్యానూ. పొద్దున్నే కంప్యూటరు తెరిచి "ఏమ్మా, బాగున్నావా?" అని గెలాక్సీని పలకరించేది. నవ్వకండి. రోజంతా మాట్లాడే మనిషి లేకపోతే ఎవరికైనా అంతే.

ఇంతలో కొత్త వర్ణపటం వచ్చింది. చూస్తే నడిబొడ్డు వెలుగు ఆనవాలు కూడా లేదు! ఇనుము శిఖరం మాత్రం ఎప్పటిలాగే నిక్షేపంగా ఉంది. లెక్కలు మళ్లీ మళ్లీ చేసింది. అదే జవాబు.

సాయంత్రం ఆ వర్ణపటాన్ని అచ్చు తీసిన కాగితం పట్టుకుని గురువు జోగారావు గారి గదికి వెళ్లింది. రిటైరైనా ఆయన రోజూ వస్తారు. నిరుడు భార్య సుభద్రమ్మ గారు పోయాక ఆదివారాలు కూడా వస్తున్నారు.

"టెలిస్కోపు చెడిపోయినట్టుంది సార్. లేదంటే నేనే ఎక్కడో తప్పులో కాలేశాను. దీపం ఆరిపోయాక గోడ మీద వెలుతురు ఉండటమేమిటి, విడ్డూరం కాకపోతే! నా వల్ల కాదు సార్. వదిలేసి ఇంటికెళ్లిపోతాను."

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశారు. మడిచి జేబులో పెట్టుకుని, "రామ్మా" అంటూ లేచారు.

డిపార్ట్‌మెంటు వెనక పెద్ద నల్ల బండ ఒకటుంది. సుభద్రమ్మ గారు లైబ్రరీలో పని ముగించుకుని, రోజూ దానిమీదే కూర్చుని ఈయన కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు ఈయనొక్కరే వచ్చి కూర్చుంటారు. ఎందుకని ఎవరూ అడగరు.

శివరాత్రి వెళ్లిన రోజులు. పొద్దు గుంకి చల్లగాలి మొదలైంది. ఎస్తేరు చున్నీ భుజాల చుట్టూ కప్పుకుంది.

"కూర్చో."

కూర్చోబోయి ఉలిక్కిపడి లేచింది. "అమ్మో! ఇంకా ఇంత వేడిగా ఉందేంటి సార్?"

"సూర్యుడేడమ్మా?"

"ఎప్పుడో వెళ్లిపోయాడు కదా సార్."

"మరి బండకి ఎవరూ చెప్పలేదేమో."

ఎస్తేరుకి చటుక్కున తట్టింది. నడిబొడ్డు నుంచి వలయానికి వెలుగు చేరాలంటే ఏళ్లు పడుతుంది. వలయం ఎంత దూరముంటే అన్నేళ్లు. చీకటి చేరాలన్నా అంతే కదా! టెలిస్కోపు చెడలేదు, లెక్క తప్పలేదు. దీపం నిజంగానే ఆరిపోయింది. ఆ కబురు వలయానికి ఇంకా అందలేదు. అందే రోజు తెలిస్తే దూరం తెలిసినట్టే.

అసలా గెలాక్సీ నుంచి ఇక్కడికి వెలుగు రావడానికే కోట్ల ఏళ్లు. అయితే ఇన్నాళ్లూ పొద్దున్నే తను పలకరిస్తున్నది ఎవరిని? చెప్పలేనంత దిగులేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తుడుచుకుని పక్కకి చూసింది. గురువుగారు బండకి ఒక చివరన కూర్చుని ఉన్నారు. పక్కనున్న ఖాళీ చోటులో అరచేయి ఆనించి ఉంది.

"ఈ వేడి ఎంతసేపుంటుంది సార్?" అంది మెల్లగా.

ఆయన జేబులోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టారు.

"చల్లారేదాకా కూర్చుంటేనేగా తల్లీ తెలిసేది."

ఎస్తేరు ఆ ఖాళీ చోటుని అలాగే వదిలి, దానికి అటుపక్క కూర్చుంది.