పాత కొలతల చొక్కా

పున్నారావుకి దిగులు పుడితే స్పానర్లు తుడుస్తాడు. ఆ పొద్దున తుడిచినవే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. ఆయుధపూజ రోజు కాబట్టి చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు.

దిగులుకి కారణం ఎదురుగానే ఉంది. అలేఖ్య పందెం కారు. ఆ అమ్మాయి ఘాట్ రోడ్డు పోటీల్లో కారు తోలుతుంది. ఆదివారమే పోటీ. కారేమో ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కితే మూలుగుతూ, వెనక నల్లపొగ వదులుతోంది. గుంటూరు ఆటోనగర్‌లో ఇంజిను ట్యూనింగంటే పున్నారావు తర్వాతే ఎవరైనా అని పేరు. ఇప్పుడు ఆ పేరుకే మసి పట్టేలా ఉంది.

ఇంజిను ఎంత గాలి పీలిస్తే దానికి తగ్గ పెట్రోలే పొయ్యాలి. మరి ఎంత పీల్చిందో తెలిసేదెట్లా? ఒక పద్ధతిలో, గాలి వచ్చే గొట్టంలో వేడెక్కే సన్నతీగ ఉన్న మీటరు పెడతారు. గాలి ఆ తీగను ఎంత చల్లబరిచిందో చూసి, లోపలికి ఎంత పోయిందో అది చెబుతుంది. ఇంకో పద్ధతిలో గాలికి ఏదీ అడ్డం పెట్టరు. లోపలి ఒత్తిడిని మాత్రం ఒక సెన్సారు చూస్తుంది. ఇంత ఒత్తిడిలో, ఇంత వేగంలో ఈ ఇంజిను ఇంత గాలి పీలుస్తుందని ట్యూనింగు చేసినవాడు ముందే రాసిపెట్టిన లెక్క ఒకటి ఉంటుంది. దాన్ని మ్యాపు అంటారు. పెట్రోలు ఆ లెక్క ప్రకారం పడుతుంది.

అలేఖ్య కారుకి మొదట్లో మీటరే ఉండేది. కొన్నేళ్ళ కిందట పున్నారావే దాన్ని పీకేసి, సెన్సారు పెట్టి, తిండీ నిద్రా మానుకుని మ్యాపు రాశాడు. గాలికి అడ్డం తొలిగేసరికి కారు రెక్కలొచ్చినట్టు కొండెక్కింది. ఆ ఏడు అలేఖ్య కప్పు గెలిచింది, పున్నారావు కాలరెగరేసుకుని తిరిగాడు. ఆ మ్యాపంటే అతనికి కన్నబిడ్డ కింద లెక్క.

అలాంటిది, మళ్ళీ మీటరు పెట్టించుకోమని స్నేహితులు సలహా ఇస్తున్నారని, అదైతే ఎప్పటి గాలి అప్పుడు కొలుస్తుందట అని అలేఖ్య నసిగితే ఒంటికాలి మీద లేచాడు. సెన్సారు మార్చాడు. వైర్లన్నీ విప్పి చూశాడు. పెట్రోలు కల్తీదని ట్యాంకు ఖాళీ చేయించాడు. మ్యాపు జోలికి మాత్రం పోలేదు. తను రాసింది తప్పెట్లా అవుతుందని అతని ధీమా. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే కారు వేరే షెడ్డుకి తీసుకెళ్తానని అలేఖ్య తలొంచుకుని మెల్లగా చెప్పింది. ఆ పిల్ల గట్టిగా అరిచినా బాగుండేదనిపించింది పున్నారావుకి.

పూజ ముగిశాక కొత్త చొక్కా సంచిలో పెట్టుకుని ఆనందపేట బయల్దేరాడు. ఏటా అంతే. పనిముట్లకు బొట్లు పెట్టాక, ఆ పనిముట్లు పట్టడం నేర్పిన జిలానీ ఉస్తాద్‌కి కొత్త చొక్కా పెట్టి రావాలి. సాయెబుకి దసరా ఏమిటని ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. పున్నారావు సొంత షెడ్డు తెరిచిన ఏడు తీసుకున్న ఉస్తాద్ కొలతలు దర్జీ దగ్గర ఉన్నాయి. ఫోన్ చేసి రంగు చెబితే చాలు, చొక్కా షెడ్డుకే వచ్చేస్తుంది. అక్కడికి వెళ్ళడం, కాళ్ళకు దణ్ణం పెట్టడం, ఉస్తాద్ భార్య బీబమ్మ ఇచ్చిన సేమ్యా తినడం, ఈలోగా ఏ కస్టమరో ఫోన్ చేస్తే గబగబా లేచి రావడం, ఇదీ వరస.

చేతులకు వణుకొచ్చి ఉస్తాద్ పని మానుకుని చాలా కాలమైంది. ఎప్పటిలాగే నవారు మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. పున్నారావు కింద చతికిలబడి, తన బాధంతా వెళ్ళబోసుకున్నాడు. సెన్సారు బాగుంది, వైర్లు బాగున్నాయి, పెట్రోలు బాగుంది, అయినా కారు మాత్రం పొగ కక్కుతోందన్నాడు.

"మీరే చెప్పండి ఉస్తాద్. మీటరు మంచిదా, మ్యాపు మంచిదా? మీరొక్క మాటంటే ఆ పిల్ల ఊరుకుంటుంది."

ఉస్తాద్ సంచిలోంచి చొక్కా తీసుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి అది తొడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

భుజాల కుట్లు మోచేతుల వైపు జారిపోయాయి. కాలరులో ఇంకో మెడకి చోటుంది. చేతుల అంచుల్లోంచి వేళ్ళ కొసలు మాత్రం వణుకుతూ కనబడుతున్నాయి.

"దర్జీ తప్పు కుట్టాడేమిరా?" అన్నాడు ఉస్తాద్.

"లేదు ఉస్తాద్."

"గుడ్డ మంచిది కాదా?"

"మంచిదే."

"మరి కొలతలు నావి కావా?"

"మీవే." పున్నారావు జారిన భుజాల కుట్లకేసి చూశాడు. "అప్పటివి."

ఉస్తాద్ నవ్వాడు. అందులో వెక్కిరింపు లేదు. పని నేర్చుకునే రోజుల్లో బోల్టు సరిగ్గా బిగించినప్పుడు నవ్వే నవ్వది.

గేరుబాక్సుని గుండెలకానించుకుని ఒక్కడే పైకెత్తిన మనిషి ఈయన. ఎప్పుడు ఇంతగా తగ్గిపోయాడు? తను ఏటా వచ్చాడు, ఏటా చూశాననే అనుకున్నాడు. కంటినిండా ఒక్కసారైనా చూడలేదు. పున్నారావుకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కాసేపటికి వసారాలోకి వెళ్ళి అలేఖ్యకి ఫోన్ చేశాడు.

"కారు తీసుకెళ్ళకు తల్లీ. ఆ మ్యాపు అప్పటి ఇంజినుకి రాసింది. ఇన్ని కొండలెక్కి అది అరిగిపోయింది, మునుపటంత గాలి పీల్చడం లేదు. పెట్రోలు మాత్రం పాత లెక్కనే ఎక్కువ పడుతోంది. నేనే చూసుకోలేదు."

మీటరు పెట్టిద్దామా అని ఆ అమ్మాయి జంకుతూనే అడిగింది. నీ ఇష్టం, ఏది పెట్టినా రేపు కొండవీడు ఘాటు మీద నీ పక్కన కూర్చుని మొదట్నుంచీ చూసుకుంటానన్నాడు. "సరే అన్నా, పొద్దున్నే వస్తాను," అంది అలేఖ్య.

తిరిగి లోపలికి వచ్చేసరికి ఉస్తాద్ రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. పున్నారావు దగ్గర టేపు లేదు. జానలు వేసుకుంటూ కొలిచాడు. భుజం నుంచి భుజానికి, మెడ నుంచి నడుముకి. చేతి కింద ఎముకలు తగిలాయి, వాటి కింద గుండె కొట్టుకోవడం తగిలింది. అక్కడ చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఉస్తాద్ కూడా తొందర పెట్టలేదు.

తర్వాత పున్నారావు చెవి మీది పెన్సిలు తీసి, కాగితం కోసం జేబులో వెతుక్కున్నాడు.

"రాసుకోకురా," అన్నాడు ఉస్తాద్. "వచ్చే ఏడు మళ్ళీ వచ్చి చూడు."