జంబయ్య వార్తల తిన్నె

మూడు గుట్టల నడుమ పరుచుకున్న ఆ అడవిలో వేసవి నీరు రెండే చోట్ల దొరికేది. ఒకటి పెద్దగుట్ట మీద రాతి పొరల మధ్య ఊరే దోనె. రెండోది దిగువన, వాగు మలుపు తిరిగే చోట నిలిచిన మడుగు. దోనె నీరు చల్లన, దారి మాత్రం నిట్టనిలువు. మడుగుకు దారి సుళువు, దాని లోతు మాత్రం ఎవరూ ఎరుగరు. ఏ పూట ఎటు వెళ్లాలన్నది అక్కడి మేత జంతువులకు ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. దానికి జవాబు చెప్పడం తరతరాలుగా తీతువు పిట్టల పని.

తీతువు తెల్లవారగానే గుట్టలన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేది. తన కంటితో ఆపదను చూస్తే ఒకే వాక్యం చెప్పేది. "పెద్దగుట్ట మీద పులి దిగింది" అనో, "వాగవతల రేచుకుక్కలున్నాయి" అనో. ఏమీ చూడని నాడు నోరు మెదపకుండా అందరి తలల మీదుగా ఎగిరిపోయేది. నిజానికి ఆ మౌనమే అన్నిటికన్నా విలువైన వార్త. "అత్త ఊరకే పోయింది, ఇక పదండి" అనుకుని మందలు నిశ్చింతగా కదిలేవి. అందుకు కృతజ్ఞతగా పుట్టలు తవ్వే ఎలుగు నాలుగు చెదలు, నేల పెళ్లగించే అడవిపంది నాలుగు పురుగులు తీతువు కోసం విడిచిపెట్టేవి.

చుక్కమ్మ అనే దుప్పి ఆ మౌనాన్ని నమ్ముకునే పెరిగింది. ఆ ఏడు ఎండలకు ముందు ఆమెకొక కూన పుట్టింది. అంతకు ముందరి కూనను రేచుకుక్కలు ఎత్తుకుపోయాయి గనుక, ఈ కూన విషయంలో ఆమెకు ఆకు కదిలితే గుండె కదిలేది.

వేసవి మొదట్లో జంబయ్య అనే నక్క ఆ అడవికి వచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చాడో, అక్కడి నుంచి ఎందుకు రావలసి వచ్చిందో ఎవరూ ఆరా తీయలేదు. మాట తియ్యగా ఉన్నవాణ్ణి ఊరు అడగరు కదా.

"తీతువత్తా! రోజంతటికీ ఒక్క మాటేనా? మిగతా పగలంతా ఈ అమాయక ప్రాణులు ఏం చేయాలి?" అన్నాడు అందరూ వినేలా.

"గడ్డి మేయాలి," అన్నది తీతువు.

"మేస్తుండగా ఆపద వస్తే?"

"వస్తే చెబుతాను."

"రాబోతుంటే?"

"రాబోయేది నాకు కనబడదు నాయనా. నాకున్నవి రెండు కళ్లు, అంతే."

"విన్నారా!" జంబయ్య మందల వైపు తిరిగాడు. "ఇంతకాలం మీరు ఎంత చీకట్లో బతికారో చూడండి. ఇకపై పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా వార్తలే. ఎవరూ ఒక్క చెదపురుగు ఇవ్వనక్కర్లేదు. అంతా ఉచితం."

వరాలయ్య అనే ముసలి అడవిపంది గుర్రుమన్నాడు. "ఉచితం సరే, మరి నువ్వేం తింటావు అల్లుడూ?"

"మీ చల్లని చూపుతోనే నా కడుపు నిండుతుంది మామా."

"చూపు తిని బతికే నక్కను నేనింతవరకూ చూడలేదు."

అందరూ నవ్వారు. నవ్వి, సరేనన్నారు.

వారం తిరగకముందే మైదానం మధ్యనున్న మట్టితిన్నె రూపు మారింది. వెనక మోదుగపూల కొమ్మలు గుచ్చి ఎర్రని తెర కట్టారు. ముందు నెమలి పింఛం విప్పి నిలబడి, "ఇప్పుడే అందిన కబురు" అంటూ పొద్దుటి కబురునే పొద్దుగూకే వరకూ చెప్పేది. పక్కనున్న ఎండుమానును వడ్రంగిపిట్ట టకటకా మోగించేది. నాలుగు గోరువంకలను నాలుగు రాళ్ల మీద కూర్చోబెట్టి, అన్నీ ఒక్కసారే మాట్లాడాలని జంబయ్య నియమం పెట్టాడు. తీతువుకూ చోటిచ్చాడు. తిన్నె అంచున ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతూ, జంబయ్య ఇచ్చిన వాక్యాన్ని ఆగకుండా అనడం ఆమె పని. ఎగరవలసిన పిట్ట నడిచింది. అందరూ తిన్నె ముందే ఉంటే ఆకాశంలో ఎగిరి ఎవరికి చెప్పాలి? చెదలు విడిచిపెట్టేవారు కూడా లేకపోయారు.

ఒక ఉడుత కొమ్మ మీద కూర్చుని చెవులు లెక్కపెట్టేది. "చెవులు వాల్చి మేతకు పోయేవాడు మనకు పనికిరాడు," అని జంబయ్య దానికి బోధించాడు. "చెవులు నిక్కించి నిలబడ్డవాడే మనవాడు. ఆ చెవులు వాలకుండా చూసుకోవడమే మన వృత్తి."

చెవులు వాలకుండా ఉండాలంటే భయం కావాలి. భయానికి పులిని మించిన సరుకు లేదు. "పెద్దగుట్ట మీద పులి! దోనె దారిలో పులి! మడుగే మనకు దిక్కు!" అని తిన్నె పొద్దస్తమానం ఘోషించింది. దోనె దారి మీద గడ్డి మొలిచింది. మందలన్నీ మడుగుకు దిగాయి. తిన్నె వెనక రోజూ చేపముళ్లు పడి ఉండేవి. జంబయ్యకు ఈత రాదని తెలిసినవారు కూడా ఆ చేపలు ఎక్కడివని అడగలేదు.

చుక్కమ్మ మొదట్లో మేత మధ్యలో ఒకసారి వచ్చి విని వెళ్లేది. తరువాత రెండుసార్లు. ఆ తరువాత అక్కడే నిలబడిపోయింది. వింటే భయం, వినకపోతే ఇంకా భయం. తాను తల తిప్పిన క్షణంలోనే తన కూనకు సంబంధించిన మాట ఏదో చెబుతారేమోనన్న గుబులు ఆమెను కట్టుకొయ్యలా అక్కడే పాతేసింది. మేత తగ్గింది, పాలూ తగ్గాయి. కూన పొదుగు కుమ్మి కుమ్మి అలిసి, "అమ్మా, ఇంకా ఎంతసేపు?" అనేది.

"ఉండవే, ఈ ఒక్కటీ విని పోదాం," అనేది చుక్కమ్మ. ఆ ఒక్కటి ఎప్పటికీ అయిపోయేది కాదు.

ఇలా ఉండగా ఒకనాడు నెమలి గొంతు పగిలేలా అరిచింది. "ఘోరం! పెద్దగుట్ట మీద వరాలయ్యను పులి పొట్టన పెట్టుకుంది!"

అయ్యో అన్న కేక మైదానమంతా పాకింది. కానీ ఆ కేకల మధ్యనే చుక్కమ్మకు ఒక మాట ముల్లులా తగిలింది. వరాలయ్య కాలిలో తుమ్మముల్లు విరిగి పదిరోజులైంది. గిట్ట వాచి, చదును నేల మీదనే ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం తన ముందు నుంచే, "దాహం చంపుతోందే కోడలా," అంటూ దిగువకు, మడుగు వైపు కుంటుకుంటూ వెళ్లాడు.

"జంబయ్యా," అన్నది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "కాలు వాచిన వరాలయ్య మామ అంత గుట్ట ఎలా ఎక్కాడు?"

నక్క కళ్లు ఒక్క రెప్పపాటు చిన్నవయ్యాయి. అంతలోనే నోటి నిండా నవ్వు. "చుక్కమ్మ వదినా! చక్కని ప్రశ్న. పైకి రండి, అందరికీ కనబడేలా మాట్లాడండి."

తిన్నె ఎక్కగానే నాలుగు గోరువంకలూ మీద పడ్డాయి. "పులి వల్ల మీకేమిటి లాభం?" "ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారు?" "పోయినవాడి మీద నిందలా?" "దుప్పులన్నీ ఇంతే!"

"అది కాదమ్మా, నేను అడిగేది..."

"నేను అడిగేదీ ఒక్కటే," అన్నాడు జంబయ్య. "పులి మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"చెడ్డదే, కానీ..."

"చెడ్డదని ఆమే ఒప్పుకున్నారు!"

వడ్రంగిపిట్ట టకటకా మోగించింది. అందరి చెవులూ నిక్కబొడుచుకున్నాయి. చుక్కమ్మ దిగి వచ్చేసరికి పక్కనున్న కుందేలు రెండడుగులు జరిగి నిలబడింది. పులి తరఫు దుప్పి పక్కన నిలబడటానికి ఎవరికి మాత్రం ధైర్యం ఉంటుంది!

ఎండ నడినెత్తికి వచ్చాక తీతువు నీడకు చేరింది. చుక్కమ్మ దాని దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగింది. "అత్తా, నిజం చెప్పు. గుట్ట మీద పులిని నువ్వు చూశావా?"

"నేను ఎగిరి నెల దాటింది తల్లీ. చెప్పమన్నది చెబుతున్నాను. అన్నిసార్లు అన్నాక నాకే చూసినట్టు అనిపిస్తోంది."

"నా కూనను రేపు ఎక్కడికి తీసుకుపోను?"

తీతువు రెక్కలు విదిలించుకుంది. మొద్దుబారిన రెక్కలు. రెండుసార్లు నేలకు జారి, మూడోసారి గాలిలోకి లేచింది.

మర్నాడు తెల్లవారుతూనే అది అందరి తలల మీదుగా ఎగురుతూ వచ్చి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెప్పింది. "పెద్దగుట్ట మీద పులి లేదు, మడుగులో మొసలి ఉంది, వరాలయ్య కోర నీటి అంచున పడి ఉంది."

పూర్వమైతే ఆ మాటతో అడవి కదిలేది. ఇప్పుడు ఎవరూ కదలలేదు. అంత పెద్ద సంగతిని ఒక్కసారే చెబితే నమ్మేదెలా? అలాగని కొట్టిపారేయడానికీ మనసు రాలేదు. గుట్ట ఎక్కితే పులి, మడుగు దిగితే మొసలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ దినం ఎవరూ నీళ్లకు పోలేదు. రెండో దినమూ పోలేదు. చుక్కమ్మ కూడా పోలేదు. ప్రశ్న అడిగింది తానే, జవాబు విన్నదీ తానే. అయినా నెలరోజుల అరుపులు ఆమె మోకాళ్లలో గడ్డకట్టుకుని ఉన్నాయి.

మంద దిగని మడుగు నుంచి తిన్నెకు చేపలూ రాలేదు. మూడోనాటి ఉదయం జంబయ్య ఖాళీ కడుపుతో తిన్నె ఎక్కి ప్రకటించాడు. "తీతువు మాటలు వట్టి పుకార్లు. ఇప్పుడు నేనే స్వయంగా మడుగు గట్టుకు వెళతాను. నీళ్లు తాగుతూ, అక్కడి నుంచే నేరుగా మీకు వార్తలు వినిపిస్తాను. మీరు ఇక్కడే ఉండి వినండి, తరువాత హాయిగా దిగిరండి." తిన్నెకూ మడుగుకూ మధ్య వెదురుపొదలు అడ్డం. కంటికి కనబడదు గానీ కేక వేస్తే వినబడుతుంది.

సరిగ్గా అప్పుడే కూన మోకాళ్ల మీద కూలింది. నాలుక పొడిబారి తెల్లగా ఉంది. చుక్కమ్మ ఇక ఏమీ వినలేదు. దాన్ని మూతితో లేపి, దోనె దారి పట్టింది.

ప్రతి బండ వెనకా పులి ఉన్నట్టే ఉంది. ఎండుటాకు గలగలమంటే పంజా చప్పుడనుకుంది. వెనక్కి తిరుగుదామని ఏడుసార్లు అనుకుంది. సగం గుట్ట ఎక్కేసరికి దిగువ నుంచి జంబయ్య గొంతు ఖంగున వినిపించింది.

"నేనిప్పుడు మడుగు గట్టున ఉన్నాను! చూడండి, ఎంత ప్రశాంతమైన నీరు! ఇదిగో, తాగుతున్నాను!" ఆపై పెద్ద కేక. "మొసలి! మొసలి పట్టింది! రక్షించండి! నిజంగానే పట్టింది!"

కూన ఆగింది. "అమ్మా, అది నిజమేనా?"

చుక్కమ్మ చెవులు నిక్కించి విన్నది. నెమలి "ఘోరం" అన్నప్పుడూ ఇదే గొంతు. గోరువంకలు కీచులాడినప్పుడూ ఇదే గొంతు. ఎంత విన్నా తేడా తెలియలేదు. "తెలియడం లేదే తల్లీ," అన్నది భయంగా. "నడు."

దోనె దగ్గర పులి లేదు. రాతి గిన్నెలో నీరు ఉంది. కూన మూతి ముంచి తాగుతూ ఉంటే చుక్కమ్మ మూడు దిక్కులూ చూస్తూ నిలబడింది. అది కడుపారా తాగాక, తానూ తాగింది.

అప్పుడు తీతువు వచ్చి బండ మీద వాలింది. మడుగు పైన ఎగురుతూ తాను చూసింది, విన్నది చెప్పింది.

"దొరా, నన్ను గుర్తుపట్టలేదా? నేను మీవాణ్ణి," అన్నాడట జంబయ్య, కాలు కోరల మధ్య ఉండగా.

"రెండు రోజులుగా ఎవరూ రాలేదు జంబయ్యా," అన్నదట మొసలి.

"మంద దిగుతుంది! ఇప్పుడే పిలుస్తున్నాను! మన ఒప్పందం..."

"ఒప్పందం మందతో నా కడుపు నింపుతానని కదా. మంద లేని నాడు నువ్వున్నావు."

ఎండ వాలే వేళకు చుక్కమ్మ కూనతో గుట్ట దిగింది. మైదానంలో అందరూ తిన్నె ముందే, చెవులు నిక్కించుకుని వెదురుపొదల వైపు చూస్తూ ఉన్నారు.

"మొసలి జంబయ్యను తినేసింది," అన్నది చుక్కమ్మ రొప్పుతూ. "దోనె దగ్గర పులి లేదు. రండి, దాహం తీర్చుకోండి."

కుందేలు ఆమె వైపు తిరగనైనా తిరగలేదు. "విన్నాంలే వదినా, అడ్డం రాకు. ఇవాళ నిన్నటికంటే బాగా చెప్పాడు."

రోజూ ఆపద వచ్చినట్టు అరిచే నోటికి, నిజంగా ఆపద వచ్చిన నాడు అరవడానికి వేరే గొంతు ఉండదు.