నిలబెట్టిన సీసా

కాకినాడలో వైన్ రుచి కట్టడమంటే ఆగస్టీన్ గారే, ఆయన తర్వాతే ఎవరైనా! ఓడలవాళ్ల క్లబ్బుకి ముప్ఫయ్యేళ్లు ఆయన నాలుకే ఆధారం. చుక్క మింగరండోయ్. నోట్లో తిప్పి ఉమ్మేసి, ఏ ఏడాది ద్రాక్షపళ్లో చెప్పేవారు. ఒక్క అలవాటే వింత. రుచి చూశాక, మాట చెప్పేముందు, సీసా తెచ్చినవాడి మొహంకేసి కాసేపు చూసేవారు.

శిష్యుడు లోవరాజుకి ఇది కొరుకుడు పడలేదు. "గురువుగారూ, రుచి సీసాలో ఉంటుంది గానీ మనిషి మొహంలో ఉంటుందాండీ?" అని అడిగేశాడు.

ఆయన సరంగు పోలయ్య సంగతి ఎత్తుకున్నారు.

పోలయ్య రేవులో సరుకు మోసే బార్జీ నడిపేవాడు. కొడుకు నూకరాజు పుట్టిన వారానికి ఒక పోర్చుగీసు కెప్టెన్ అతని చేతిలో పోర్టు వైన్ సీసా పెట్టి, "మా దేశంలో బిడ్డ పుడితే ఇది దాస్తాం. ఇరవయ్యొకటి నిండాక తండ్రీ కొడుకూ కలిసి తాగుతారు" అన్నాడట. పోలయ్య దాన్ని ట్రంకుపెట్టెలో ఊక పోసి పడుకోబెట్టాడు. పదిహేడు నిండాక కుర్రాడు బార్జీ మీంచి సముద్రంలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు. అప్పుడా సీసాని పైకి తీసి, వాడి ఫోటో పక్కన నిలబెట్టి, దండేసి, నాలుగేళ్లు రోజూ దాని ముందు దీపం పెట్టాడు. కొడుక్కి ఇరవయ్యొకటి నిండాల్సిన రోజున ఉతికిన చొక్కా తొడుక్కుని, సీసా పసిబిడ్డలా ఎత్తుకుని క్లబ్బుకొచ్చాడు.

"ఆడి వాటా కూడా నేనే తాగాల బాబూ. ఎలాగుందో సెప్పండి."

ఆగస్టీన్ గారికి అప్పటికి పాతికేళ్లు. నాలుక మీద మహా గర్వం. బెండు బిరడా తీస్తుంటేనే పొడిపొడిగా రాలింది. మడ్డి పోయేలా ఒక గుక్కెడు గుడ్డలో వడగట్టి, నోట్లో పోసుకుని, ఉమ్మేసి, గ్లాసు మీంచి కళ్లెత్తకుండానే చెప్పేశారు.

"పదిహేడేళ్లు బ్రహ్మాండంగా పండిందయ్యా. చివరి నాలుగేళ్లలో పులిసి చచ్చింది. ఎవరు దీన్ని లేపి నిలబెట్టింది?"

"నేనే బాబూ."

"పడుకున్నదాన్ని పడుకోనివ్వాలి! నిలబెడితే బెండు ఎండిపోతుంది, గాలి దూరుతుంది. పైగా దీపం సెగ ఒకటి. చేతులారా చంపుకున్నావు కదా!"

పోలయ్య సీసాని తనవైపు జరుపుకున్నాడు.

"ఆ రోజూ అంతే బాబూ. ఆడు జొరమొచ్చి పడుకునుంటే, పనికి మనిషి తక్కువైనాడని నేనే లేపాను. కాళ్లు నిలబడ్డం లేదు నాన్నా అన్నాడు. రెక్కట్టుకుని నిలబెట్టి బార్జీ ఎక్కించాను."

సీసాలో మిగిలిందంతా గ్లాసులోకి వంచుకుంటూ, ఆ పులిసిన నీళ్లు మడ్డితో సహా తాగేశాడు. మొహమైనా చిట్లించలేదు. ఖాళీ సీసాని బల్ల మీద జాగ్రత్తగా పడుకోబెట్టి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో మళ్లీ దీపం వెలగలేదు. నెల తిరక్కుండా, సముద్రం నిమ్మళంగా ఉన్న రోజున, అతని బార్జీ ఒక్కటే మనిషి లేకుండా ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

లోవరాజు, "అయితే ఆ రోజు మీరు ఏం చెప్పాల్సిందండీ?" అన్నాడు.

ఆగస్టీన్ గారు గ్లాసు కడిగి బోర్లించారు.

"రుచి మాత్రం సరిగ్గానే చెప్పానురా" అన్నారు.