కండక్టరు గారింటి పెట్టె

ఖాసింపీరా మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు అడిగిన ప్రశ్న చిన్నదైతే చేతిలో పని ఆపకుండానే జవాబు చెప్పేవారు. పెద్దదైతే ఏమీ చెప్పేవారు కాదు. బనీనుతో కూర్చున్న మనిషి నెమ్మదిగా లేచి, మేకుకు తగిలించిన చొక్కా వేసుకుని, అడిగినవాళ్లను వెంటబెట్టుకుని బయల్దేరేవారు. మార్కాపురంలో ఆయన దగ్గర మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేయడం నేర్చుకున్నవాళ్లు నలభై మంది దాకా ఉంటారు. వాళ్లలో ఎవరిని కదిలించినా, మాస్టారు తమకోసం ఎన్నిసార్లు చొక్కా వేసుకున్నారో లెక్క చెబుతారు. వెంగమాంబ కోసం ఆయన చొక్కా వేసుకున్నది ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఒక ఖాళీ రేకు పెట్టె విషయంలో.

వెంగమాంబ అప్పటికి ఆరేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. పాలిటెక్నిక్ చదివింది. చెయ్యి నిదానం, చూపు నిశితం. ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా నువ్వే చూసుకో అని మాస్టారు ఆమెకు అప్పగించింది దానికి ముందు ఏడే. అది చెన్నకేశవులు గారి పని.

చెన్నకేశవులు గారు ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే బస్సు ఆయనది. టికెట్ల సంచితో పాటు ఆయన భుజానికి ఎప్పుడూ ఒక చిన్న టేపురికార్డరు వేలాడేది. బస్సు ఆగినచోటల్లా, సెలవు దొరికినప్పుడల్లా, జనం మాట పట్టుకోవడం ఆయనకు పిచ్చి. నాట్లు వేసేవాళ్ల పాటలు, చెంచు పెద్దలు చెప్పిన అడవి దారుల పేర్లు, పలకల గనుల్లో ఆడవాళ్లు పనిలో ఆడుకునే పరాచికాలు, ఒకసారైతే ఎడ్ల సంతలో ఒక బేరం మొదలైన దగ్గర్నుంచి తెగేదాకా. అన్నీ కలిసి మూడువందల నలభై క్యాసెట్లు. తర్వాత ఆయనకు గ్లకోమా వచ్చి చూపు పోయింది. క్యాసెట్ల మీద తాను రాసుకున్న పేర్లు తానే చదువుకోలేని స్థితిలో, అవన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, చెవితో వెతుక్కునే వీలు కల్పించమని మాస్టారిని అడిగారు.

ఎక్కించడానికి వెంగమాంబకు ఏడాది పట్టింది. కొన్ని టేపులు ఆమె కళ్లముందే, ఒక్కసారి తిరిగి, పొడి రాలి తెగిపోయాయి. అంటే ఆ గొంతులు ఇక ఆమె దగ్గరున్న రెండు పాత హార్డ్ డిస్కుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు. వాటిలో ఒకటి అప్పుడప్పుడూ తెరుచుకోనని మొండికేస్తోంది కూడా. ఇక చేయవలసిందల్లా కేశవులు గారి ఇంట్లోనే నాలుగు కొత్త డిస్కులతో రాత్రింబవళ్లు నడిచే ఒక చిన్న కంప్యూటరును, అంటే సర్వర్‌ను, పెట్టడం. ప్రతి గొంతూ రెండేసి డిస్కుల్లో ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది. ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఫోనుకు పేరు చెబితే చాలు, పాట వస్తుంది. బోర్డు వచ్చింది, డిస్కులు వచ్చాయి, వైర్లు వచ్చాయి. వీటన్నిటినీ పెట్టుకోవలసిన క్యాబినెట్ దగ్గర పని ఆగిపోయింది.

రెండు నెలలు ఆగింది. వెంగమాంబ పంతొమ్మిది క్యాబినెట్ల వివరాలు కాగితం మీద గీతలు గీసి రాసుకుంది. దేనిలో ఎన్ని డిస్కులు పడతాయి, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది, ఎత్తెంత, లోతెంత. చివరికి రెండు మిగిలాయి. మొదటిది లోపలంతా మందపాటి స్పాంజి అతికించిన పెట్టె. తలుపు వేస్తే చెవి ఆనించినా చప్పుడు వినపడదు. ముందువైపు వరసగా చిన్న దీపాలు, ఒక్కో డిస్కుకు ఒక్కోటి. బాగుంటే ఆకుపచ్చ, పాడైతే ఎరుపు. రెండోది ముందంతా జల్లెడలాంటి పెట్టె. పెద్ద ఫ్యాన్లు, చల్లగా ఉంటుంది, కానీ ఊరుకోదు, ఎప్పుడూ సన్నగా మూలుగుతూ ఉంటుంది. వినడమే బతుకైన మనిషి ఇంట్లో యంత్రం నోరు మూసుకుని ఉండాలని ఆమెకు గట్టిగా అనిపించేది. అంతలోనే మార్కాపురం ఎండ గుర్తొచ్చేది. స్పాంజి పెట్టెలో డిస్కులు ఉడికిపోతాయేమోనని భయం. జల్లెడ పెట్టె అనుకుంటే పలకల దుమ్ము గుర్తొచ్చేది. రోజూ పొద్దున ఒకటి ఖాయం చేసుకుని, సాయంత్రానికి రెండోదానికి మారేది.

ఆ మధ్యాహ్నం ఆమె కాగితాలు మడిచి పక్కన పెట్టి అడిగేసింది.

"మాస్టారూ, పంతొమ్మిది పెట్టెల సంగతులూ నాకు నోటికి వచ్చు. అయినా ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నాను. నేనింకా ఏం తెలుసుకోవాలి?"

మాస్టారు సోల్డరింగ్ ఐరన్ స్విచ్చి ఆపేశారు. లేచి చొక్కా వేసుకున్నారు.

కేశవులు గారు ఉండేది ఒక మేడ మీది రెండు గదుల వాటాలో. ముందు గది ఆయనది. వెనక గదిలో ఆయన భార్య తిరుపాలమ్మ జాకెట్లు కుడుతుంది. రెండు నెలలుగా పని సాగదీసి, ఇప్పుడు ఉత్త చేతులతో ఆ మెట్లెక్కడం వెంగమాంబకు చిన్నతనంగా ఉంది. మెట్ల మీద మాస్టారు ఆగి, లోపల ఒక గంటసేపు ఎవరినీ ఏమీ అడగొద్దని మాత్రం చెప్పారు. లోపలికి వెళ్లగానే, పని మీద రాలేదనీ, ఎండకు కాసేపు కూర్చుని పోదామని వచ్చామనీ కేశవులు గారితో అన్నారు. ఆయన సంతోషించారు. తిరుపాలమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి మళ్లీ మిషను ముందు కూర్చుంది. మాస్టారు మజ్జిగ తాగి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఈయన నిద్రపోవడానికి నన్నెందుకు ఇంత దూరం తీసుకొచ్చారని వెంగమాంబకు కాస్త విసుగేసింది.

మొదట ఆమె చేయగలిగిన పని చేసింది. కూర్చున్నచోటి నుంచే, పెట్టె పెట్టబోయే అల్మారా అరను చూపుతో కొలిచింది. ప్లగ్గు ఎక్కడుందో, కిటికీలోంచి ఎండ ఎంతవరకు పడుతుందో చూసుకుంది. అయిదు నిమిషాల్లో అది అయిపోయింది. తర్వాత చూడ్డానికి ఇంకేమీ లేదు. కాబట్టి వినడం మొదలుపెట్టింది.

వెనక గదిలో కుట్టుమిషను ఒకే తీరుగా నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది. కేశవులు గారు తల తిప్పకుండానే, దారం తెగిందా అన్నారు. తెగిందని లోపలి నుంచి జవాబు వచ్చింది. మిషను మళ్లీ కదిలింది. కాసేపటికి మళ్లీ ఆగింది. ఈసారి ఆయన ఏమీ అనలేదు. బట్ట తిప్పుకోవడానికి ఆగినట్టుంది, వెంటనే నడిచింది. మూడోసారి ఆగినప్పుడు ఆయన మెడ కొంచెం ముందుకు వచ్చింది. సూదా అని అడిగారు. సూదే, విరిగింది, ఇంకోటి ఎక్కిస్తున్నానంది తిరుపాలమ్మ. మధ్యలో ఒకసారి ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ట్యాంకు నిండవచ్చింది మోటారు ఆపమని కింది వాటావాళ్లకు కేకేసి చెప్పారు. వెంగమాంబకు నీళ్ల చప్పుడే వినపడలేదు. తిరిగి వస్తూ దారిలో ఫ్రిజ్ మీద అరచెయ్యి ఒక క్షణం ఆనించి, నడుస్తోంది, సరే అన్నట్టు తల ఊపి, వచ్చి కూర్చున్నారు.

 వెంగమాంబకు అప్పుడు, తాను అంత ముచ్చటపడ్డ స్పాంజి పెట్టె మీది దీపాల వరస గుర్తొచ్చింది. ఆకుపచ్చ ఎవరికి? ఎరుపు ఎవరికి? ఏడాది పాటు వారానికి రెండుసార్లు ఈ గదికి వచ్చింది. ఆయన చేతికి ఫోను ఇచ్చింది, ఆయన చెప్పిన పేర్లు రాసుకుంది. ఆయనకు కళ్లు కనపడవన్న సంగతి ఆమెకు తెలియక కాదు. తెలుసు. కానీ ఆ తెలియడం ఎప్పుడూ పెట్టెల దగ్గరికి రాలేదు.

గంట ఇంకా నిండలేదు. అయినా ఆగలేక అడిగింది. అసలు చప్పుడే చెయ్యని పెట్టె తెస్తే మీకు బాగుంటుందా అని.

కేశవులు గారు మర్యాద గల మనిషి. ఎదుటివాళ్లు కష్టపడి ఎంచుకున్నదాన్ని తీసిపారేసే రకం కాదు. 

"బాగానే ఉంటుందమ్మా. కాకపోతే అది బతికుందో లేదో రోజూ ఎవరినో ఒకరిని అడగాలి."

ఆ అడిగేది నన్నేనని వెనక గదిలోంచి తిరుపాలమ్మ అందుకుంది. తాను మిషను తొక్కుతున్నంతసేపూ ఈ ఇంట్లో ఏ చప్పుడూ కొత్త కాదనీ, ఇంకో నాలుగు ఫ్యాన్లు తిరిగినా తనకేమీ అడ్డం లేదనీ, తన భర్త ప్రతిదానికీ తనను పిలవడం మాత్రం తనకూ ఇష్టం లేదు, ఆయనకూ ఇష్టం లేదనీ చెప్పింది. ఆ చివరి మాట దగ్గర కేశవులు గారు నవ్వారు. మాస్టారు అప్పటికి కళ్లు తెరిచి, మజ్జిగ ఇంకొంచెం ఉందా అని అడుగుతున్నారు.

నాలుగో రోజు వెంగమాంబ ఒక పెట్టె తెచ్చింది. చివరిదాకా మిగిలిన ఆ రెండూ కాదు. ఆమె కాగితంలో పదకొండో వరసలో ఉన్నది. లోపల స్పాంజి లేని, చూడ్డానికి ఏ అందమూ లేని నల్ల ఇనుప పెట్టె. ముందు దుమ్ము ఆపే జాలీ ఉంది, లాగితే ఊడొస్తుంది, కడిగి ఆరేసుకోవచ్చు. నాలుగు డిస్కులూ ముందువైపు నుంచే సొరుగుల్లా బయటికి వస్తాయి. స్విచ్చి పెద్దది, నొక్కితే వేలికి తెలిసేలా లోపలికి దిగుతుంది. ఏదీ బిగించకుండా, ఖాళీ పెట్టెనే తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన చేతులు దాని మీద నిదానంగా తిరిగాయి. పైభాగం, పక్కలు, వెనక ఫ్యాను రెక్కలు. సొరుగులు పెట్టే గాడి దగ్గర ఆయన వేలు ఆగింది. ఇక్కడ కోస్తుందమ్మా అన్నారు. ఆమె చూసింది. రేకు అంచు కత్తిలా ఉంది. కంటికి ఆనలేదు. అక్కడే కూర్చుని ఆకురాయితో ఆ అంచంతా అరగదీసింది. ఏ సొరుగు ఏదో వేలికి తెలిసేదెలా అన్న మాట వచ్చినప్పుడు తిరుపాలమ్మ తన డబ్బాలోంచి చొక్కా గుండీలు తీసి ఇచ్చింది. మొదటి సొరుగుకు ఒక గుండీ, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా జిగురుతో అతికించారు. అతికించేటప్పుడు వరస వంకరగా వచ్చిందని తిరుపాలమ్మ ఒకసారి పీకి మళ్లీ పెట్టించింది.

వారం లోపల సర్వర్ అల్మారా అరలో కూర్చుంది. పాత డిస్కుల్లోని గొంతులన్నీ, మొండికేసే దానిలోవి కూడా, కొత్త వాటిలోకి ఒక్కటీ పోకుండా చేరాయి. మొదట ఏం వింటారని వెంగమాంబ అడిగితే ఆయన ఎడ్ల బేరం అడిగారు. ఇద్దరు రైతులు, మధ్యలో ఒక దళారి, మాట మాటకూ మూపురాలు చరిచే చప్పుడు. బేరం తెగేదాకా ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు. పెట్టె పక్కన సన్నగా మూలుగుతూనే ఉంది. అది ఎవరికీ అడ్డం రాలేదు.

దసరా వెళ్లిన వారానికి ఒక ఉదయం కేశవులు గారు ఫోను చేశారు. మూడు గుండీల సొరుగు పలుకు మారిందని చెప్పారు. వెంగమాంబ షాపులోనే కూర్చుని, ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌ను పరీక్షించింది. నాలుగు డిస్కులూ బాగున్నాయని అది చెప్పింది. ఏదైనా పాడైతే ఫోనుకు కబురు వచ్చే ఏర్పాటు కూడా తాను చేసే ఉంది. ఏ కబురూ రాలేదు. కానీ ఇప్పుడు ఆమె ఆ నివేదికను నమ్మి ఊరుకునే మనిషి కాదు. ఒక కొత్త డిస్కు సంచిలో వేసుకుని మెట్లెక్కింది. చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు కూర్చుంటే అప్పుడు తెలిసింది. ఉండి ఉండి, ఎండుటాకు గీసినట్టు ఒక చిన్న రాపిడి. స్విచ్చి ఆపడం, గుండీలు తడిమి సొరుగు లాగడం, పాతది తీసి కొత్తది పెట్టడం అంతా కేశవులు గారే చేసుకున్నారు. ఆమె డిస్కు అందించింది, అంతే. తీసిన డిస్కును మర్నాడు షాపులో పెట్టి చూస్తే అసలు తిరగనే లేదు. పాటల్లో ఒక్క అక్షరం కూడా పోలేదు.

ఈ సంగతంతా ఆమె మాస్టారికి వివరంగా చెప్పింది. ఆయన ఒక పాత రేడియో విప్పుకుని కూర్చుని, మధ్యలో తల ఎత్తకుండా విన్నారు. అంతా చెప్పాక ఆమె ఒక మాట అడిగింది. నిష్ఠూరంగా కాదు, చాలా రోజులుగా మనసులో ఉన్నది చనువుగా అడిగింది.

"ఆయనకు చప్పుడే కావాలని మీరు ఆ మధ్యాహ్నమే చెప్పొచ్చు కదా మాస్టారూ. ఒక్క మాటతో పోయేది."

మాస్టారు రేడియోలో ఊడిన తీగను పళ్ల పట్టకారుతో పట్టుకుని, అది ఎక్కడిదో చూసుకున్నారు.

"నాకు తెలిసుంటే చెప్పేవాణ్ణే అమ్మాయ్," అన్నారు. "నేనూ నీతో పాటే విన్నాను."